లేడీస్ మోడల్: ఒక గులాబీ రంగు ఫోను కథ

మొన్న ఉగాదికి ఇల్లు దులుపుతుంటే బీరువా పై అరలో, పాత ఎల్‌ఐసీ కాగితాల కింద ఒక చిన్న అట్టపెట్టె దొరికింది. తెరిస్తే లోపల గులాబీ రంగు మడత ఫోను. మడతబందు విరిగిపోయి, పై రేకూ కింది రేకూ ఒక సన్నటి తీగతో వేలాడుతున్నాయి. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లయినా దాన్ని పారెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు. ఎందుకు దాచానో నాకు తెలుసు. ఈ వ్యాసంలో చివరికి అక్కడికే వస్తాను. ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

అది 2007 సంక్రాంతి. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు సెలవులకి వస్తూ తెచ్చాడు. "నీకోసమే అక్కా, లేడీస్ మోడల్" అన్నాడు. మోటరోలా వాళ్ల రేజర్ వచ్చాక అందరూ దాన్ని చూసి సన్నటి మడత ఫోన్లు తయారుచేస్తున్న రోజులవి. ఇదీ అలాంటిదే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అమెరికా నెట్‌వర్క్ తాళం వేసి ఉన్న ఫోను కాబట్టి మన సిమ్ పట్టలేదు. ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే, అరగంటలో తాళం తీసిచ్చిన కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, ఇది మీకు సూట్ కాదు, కాలేజీ అమ్మాయిలకైతే బాగుంటుంది" అన్నాడు. నాకప్పుడు నలభై ఆరేళ్లు. నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఒక వస్తువు ఎవరికి సరిపోతుందో ఎవరు నిర్ణయిస్తారు? దేన్ని బట్టి?

ఆ రోజుల్లో పత్రికల అనుబంధాల్లో కొత్త ఫోన్ల గురించి రాస్తే, చివర్లో "ఈ ఫోను ఎవరికి?" అని ఒక ముక్క ఉండేది. వ్యాపారస్తులకి ఇది, విద్యార్థులకి ఇది, పాటలు వినేవాళ్లకి ఇది, మహిళలకి ఇది. నేను చదివిన చాలావాటిలో వరస ఇలాగే ఉండేది. గమనించారా? మగవాళ్లని వాళ్లు చేసే పనిని బట్టి, ఇష్టాలని బట్టి మూడు రకాలుగా విడదీశారు. మనం మాత్రం అందరం కలిసి ఒకటే రకం. వ్యాపారం చేసే స్త్రీ, చదువుకునే స్త్రీ, పాటలు వినే స్త్రీ, అందరూ ఆ చివరి గడిలోనే సర్దుకోవాలి. ఆ గడి రంగు గులాబీ.

ఇది ఫోనుతో మొదలైనదేమీ కాదు. నా పెళ్లిలో మా మావగారు పెట్టిన లేడీస్ వాచీ నాకింకా గుర్తు. చింతగింజంత డయలు, అంకెలు లేవు, సెకన్ల ముల్లు లేదు. క్లాసులో టైము చూసుకోవాలంటే కళ్లజోడు సర్దుకుని చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చేది. దీని వెనక చరిత్ర చదివితే తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చేతి గడియారం ఆడవాళ్ల నగ. మగవాళ్లకి జేబు గడియారమే హుందా. యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికుడికి జేబులోంచి గడియారం తీసే వీలు లేకపోయాక, ఆ నగే మగవాడి పనిముట్టు అయిపోయింది. అతనికి పెద్ద డయలూ, చీకట్లో మెరిసే అంకెలూ వచ్చాయి. మనకి మాత్రం నగే మిగిలింది. పని మగవాడిదనీ, అలంకారం స్త్రీదనీ అనుకున్న చోట వస్తువు కూడా ఆ గీత ప్రకారమే రెండుగా చీలుతుంది.

టెలిఫోనుకీ మనకీ ఉన్న బంధం ఇంకా పాతది. 1878లో అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమె మొట్టమొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. అంతకుముందు ఆ పనికి కుర్రాళ్లని పెట్టుకున్నారు. వాళ్లు ఫోను చేసినవాళ్లతో పెంకిగా మాట్లాడుతున్నారని ఆడవాళ్లని తీసుకున్నారు. మెత్తని గొంతు, ఓపిక, వాటితో పాటు తక్కువ జీతం! అలా ఊరందరి మాటలూ కలిపింది స్త్రీలే. అయితే ఆ మాటలు వాళ్లవి కావు. ఎవరో ఎవరితోనో మాట్లాడుకోవడానికి మధ్యలో తీగ గుచ్చడం వాళ్ల ఉద్యోగం.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తొలి రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. మనం చేస్తేనే కాదు, మనకి ఎవరైనా చేసినా డబ్బు కట్టాలి. ఆ లెక్కన సెల్‌ఫోను ఎవరికి సరిపోతుందని అడిగితే జవాబు ఒక్కటే, డబ్బున్న మగవాళ్లకి. వాళ్లు దాన్ని బెల్టుకి తగిలించుకుని తిరిగేవాళ్లు. మనకి బెల్టు లేదు, జేబు లేదు. మా వీధి చివర పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఉండేది. పోలియో వచ్చిన ఒకావిడ నడిపేది. రాత్రి తొమ్మిది దాటాక రేటు తగ్గుతుందని క్యూ కట్టిన ఆడవాళ్లు ఆ అద్దాల గదిలో గొంతు తగ్గించి పుట్టింటికి మాట్లాడుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎదురుగా మీటరు తిరుగుతుంటే ఏడుపు కూడా లెక్క ప్రకారం ఏడవాలి.

1997లో పక్కనే బంగ్లాదేశ్‌లో వేరే ప్రయోగం జరిగింది. గ్రామీణ్ బ్యాంకు అప్పు ఇచ్చి పల్లెటూరి ఆడవాళ్ల చేత సెల్‌ఫోన్లు కొనిపించింది. ఫోను లేని ఊళ్లో ఆమె ఇల్లే టెలిఫోన్ ఆఫీసు అయింది. ఊళ్లోవాళ్లు వచ్చి మాట్లాడి డబ్బులిచ్చి వెళ్లేవాళ్లు. మగవాళ్లు కూడా పేదింటి ఆడమనిషి గుమ్మం ముందు నిలబడి తమ వంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. తర్వాత ఫోన్లు చవకై ఇంటింటికీ వచ్చాక ఆ సంపాదన తగ్గిపోయింది. ఆ కథలో నాకు ముఖ్యంగా తోచినది ఒకటుంది. ఆ ఫోను ఏ రంగుదో ఎవరూ అడగలేదు. అది ఎవరి పేరు మీద ఉందన్నదే అక్కడ ముఖ్యం.

మన దగ్గర పరిస్థితి మారింది 2003లో. ఆ ఏడు మే నుంచి వచ్చే కాల్‌కి డబ్బు కట్టక్కర్లేదన్నారు. జులైలో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కడితే చాలు, ఫోను చేతికిస్తామన్నారు. 2005 చివర్లో లైఫ్‌టైమ్ కార్డులు వచ్చాయి. ఒకసారి డబ్బు కడితే నెలనెలా రీచార్జ్ చెయ్యకపోయినా కాల్స్ వస్తూ ఉండేవి. మిస్డ్ కాల్ అనే భాషంతా అప్పుడే పుట్టింది. ఒక రింగిస్తే బయలుదేరానని, రెండు రింగులిస్తే అన్నం పెట్టమని! చేతిలో డబ్బులేని వాళ్లు కనిపెట్టిన భాష అది. అందులో ఆడవాళ్ల వాటా చాలా ఉందని నా నమ్మకం.

2003లోనే నోకియా 1100 వచ్చింది. దుమ్ము దూరకుండా మీటల మీద రబ్బరు తొడుగు, చెమట చేతులతో పట్టుకున్నా జారని పక్కలు, నెత్తిన ఒక చిన్న టార్చిలైటు. కెమెరా లేదు, రంగుల తెర లేదు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు, 2004లో, మోటరోలా రేజర్ వచ్చింది. మందం 13.9 మిల్లీమీటర్లు, బరువు 95 గ్రాములు, అల్యూమినియం ఒళ్లు, ఒకే లోహపు రేకు మీద చెక్కిన మీటలు. అదీ తక్కువ తినలేదు, ఆ వరసలోవన్నీ కలిపి 13 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. వెండి రంగూ నలుపూ వచ్చిన తర్వాత గులాబీ రంగు కూడా దింపారు. లోపలి యంత్రం అదే. మారింది పై రంగే.

2004లోనే నోకియా 7280 అని ఇంకొకటి వచ్చింది. దాన్ని అందరూ లిప్‌స్టిక్ ఫోను అనేవాళ్లు. తెర ఆరిపోతే అద్దంలా మెరుస్తుంది, ముఖం చూసుకోవచ్చు. అంతా బాగానే ఉంది కానీ, దానికి అంకెల మీటలే లేవు! ఒక చక్రం తిప్పుతూ ఒక్కొక్క అంకె ఏరుకోవాలి. నంబరు నొక్కడమే కష్టమైన ఫోను ఎవరికి పనికొస్తుంది? తనకై తను కొత్త నంబరుకి ఫోను చెయ్యాల్సిన అవసరం లేని మనిషికి. ఎప్పుడూ నలుగురైదుగురితోనే మాట్లాడే మనిషికి. ఆ డిజైను గీసినవాళ్ల మనసులో స్త్రీ ఎలా ఉందో అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మరుసటి సంవత్సరం వాళ్లే పూలూ లతలూ చెక్కిన ఫోన్ల వరసకి లామూర్ అని పేరు పెట్టారు. అంటే ప్రేమ. 2010లో మన దేశపు కంపెనీ మైక్రోమాక్స్ రాళ్లు పొదిగిన బ్లింగ్ ఫోనుని ఆడవాళ్ల కోసమని అమ్మింది.

సరే, మళ్లీ నా గులాబీ ఫోను దగ్గరికొస్తాను. ఆ సంక్రాంతి సెలవుల్లో జగదీశ్ మార్కెట్ కుర్రాడి మాట పట్టుకుని, మా ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరి చేతా ఆ ఫోను వాడించి చూశాను. పరిశోధన అనుకోకండి, పట్టుదల అనుకోండి.

మొదట అమ్మ. అమ్మకి డెబ్భై నాలుగేళ్లు, ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది. మడత ఫోను అమ్మకి నచ్చుతుందని నేను అనుకోలేదు. కానీ నచ్చింది! "మూత తెరిస్తే మాట, మూసేస్తే అయిపోయింది. ఏ బొత్తాం నొక్కాలో గుర్తుపెట్టుకోనక్కర్లా" అంది. మామూలు ఫోను దిండు కింద పెట్టుకుంటే తెలియకుండా ఎవరికో వెళ్లిపోయేది. దీనితో ఆ బాధ లేదు. అయితే తను ఫోను చెయ్యాలంటే మాత్రం చేతకాలేదు. మీటలన్నీ పలకలా చదునుగా ఉన్నాయి, వేలికి తగలవు. అంకెలు కనపడవు. అంటే వచ్చిన ఫోను తియ్యడానికి బాగుంది, చెయ్యడానికి బాగాలేదు.

తర్వాత మా ఇంట్లో పనిచేసే ఆవిడ. నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. అప్పటికే ఆమె దగ్గర టార్చిలైటు ఫోను ఉంది, లైఫ్‌టైమ్ కార్డు వేయించుకుంది. గులాబీ ఫోను చేతికిస్తే వేళ్లు కొంగుకి తుడుచుకుని పట్టుకుంది. "మస్తుగుందమ్మా. గానీ తడి చెయ్యితో పడ్తే కొనమంటవా నన్ను?" అంది. ఆమె బస్తీలో రాత్రి కరెంటు పోతే నీళ్ల పంపు దాకా దారి చూపించేది ఆ టార్చిలైటే. జాకెట్లో ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నా చెమటకి పాడుకాదు. ఒకసారి చార్జింగ్ పెడితే రోజులు వస్తుంది. నా ఫోను రెండు రోజులకే ఆరిపోయేది.

మూడో మనిషిని నేను. నాకు తెలుగు కావాలి. ఆ ఫోనులో తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ, "అమ్మకి" అని రాస్తే "అమ్మాకీ" అని చదివించుకుంటూ గడిపాం మనమందరం. తెలుగు ఉన్న ఫోను కొనుక్కున్నా ఇంకో చిక్కు. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో రాసినదానికి డెబ్భైయే. అందులోనూ గుణింతం వేరే, వొత్తు వేరే లెక్క. "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే ఆరింటి కింద లెక్కేస్తుంది యంత్రం. అంటే మన భాషలో మాట్లాడుకుంటే ఖర్చు ఎక్కువ. ఈ సంగతి ఏ సమీక్షలోనూ నేను చదవలేదు.

నాలుగోది మా అమ్మాయి. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. దానికి ఆ ఫోను పిచ్చిగా నచ్చింది. నేను గులాబీ రంగు మీద నా ఉపన్యాసం మొదలుపెట్టగానే ఆపేసింది. "అమ్మా, నాకు పింక్ ఇష్టం. టకీమని మూత వేసి ఫోను పెట్టేస్తే ఎంత బాగుంటుందో తెలుసా? బస్టాపులో వెధవలు ఎవడైనా వెంటపడితే ఆ చప్పుడు చాలు. అందంగా ఉన్నది వాడితే బుర్ర లేనట్టేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజమే, మా తరం ఫెమినిస్టులం అందం అనగానే అనుమానంగా చూశాం. కాటన్ చీర, నల్ల చెప్పులు, లేడీస్ వాచీ తీసేసి మగవాళ్ల వాచీ. మార్కెట్ మనకి అందాన్ని అంటగట్టిందని కోప్పడ్డాం, అది సరే. కానీ తన డబ్బుతో తనకిష్టమైన రంగు కొనుక్కునే అమ్మాయి సంతోషం కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి కదా. ఆరోజు ఆ ఫోను దానికే ఇచ్చేసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఇవ్వలేదు. ఆ ఫోను ఐదో మనిషికి వెళ్లింది.

మా పిన్ని కూతురు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌన్లో కాపురం. భర్త కొడతాడని మాకు తెలుసు, ఎంత కొడతాడో తెలియదు. ఇంట్లో ల్యాండ్‌లైను ఉండేది, దానికి తాళం వేసి వెళ్లేవాడు. ఆ రోజుల్లో ఎస్టీడీ లాక్ చాలా ఇళ్లల్లో ఉండేది, ఎవరికీ వింతగా తోచేది కాదు. ఆ ఏడు వేసవిలో పిన్ని ఇంట్లో పూజకి వచ్చినప్పుడు, వంటింట్లో జబ్బ మీద కమిలిన మచ్చలు చూపించింది. చంకలో ఏడాది పిల్ల. నేను మరో ఆలోచన లేకుండా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ ఫోను తీసి, కొత్త సిమ్ వేయించి, దాని చేతిలో పెట్టాను. సన్నగా ఉంది, చీరల మధ్య దాచుకోవచ్చు, రింగు వినపడకుండా పెట్టుకో అని చెప్పాను. నేను చాలా తెలివైన పని చేశానని అనుకున్నాను.

నేను ఆలోచించనివి రెండున్నాయి. ఆ ఫోను మూత మీద బయట ఇంకో చిన్న తెర ఉంది. ఫోను వస్తే ఎవరు చేశారో అక్కడ వెలుగుతుంది. మూత తెరవకుండానే పేరు చూసుకోవచ్చని ప్రకటనల్లో గొప్పగా చెప్పిన సౌకర్యం అది. మే నెలలో ఒక రాత్రి, అది ఎలా ఉందోనని ఆత్రపడి నేనే ఫోను చేశాను. చప్పుడు రాలేదు. బియ్యం డబ్బా మీద మడతపెట్టిన చీరల మధ్య నుంచి నీలం వెలుతురు వచ్చింది. అతను చూశాడు.

రెండోది రంగు. "ఇంత ఖరీదైన ఫోను, ఈ రంగుది, నీకెవడిచ్చాడు?" అన్నాడట. అక్క ఇచ్చింది అంటే నమ్మలేదు. నల్లటి చవక ఫోను అయితే పిన్ని ఇచ్చిందని చెప్పుకునేది, పక్కింటావిడది అనేది. గులాబీ రంగుది, అద్దంలా మెరిసేది ఒక ఆడమనిషి దగ్గర దొరికితే దాని వెనక మగవాడు ఉండి తీరాలి. స్టైలు ఫోనులు ఆడవాళ్లకి కానుకగా ఇవ్వమని ప్రకటనలు చెప్పిన మాటే అతనూ నమ్మాడు. ఫోనుని నేలకేసి కొట్టి, ఆ తర్వాత దాన్నీ కొట్టాడు. ఎడమ చెయ్యి విరిగింది.

అది ఇంట్లోంచి బయటపడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది. బయటపడింది కూడా ఫోను వల్లే. వీధిలో కూరలమ్మే ఆవిడ తన ఫోను ఇచ్చింది. గోరింటాకు రంగు పట్టిన వేళ్లతో మీటలు అరిగిపోయిన పాత ఫోను. ఆ కూరల బండి పక్కనే కూర్చుని, బెండకాయలు ఏరుతున్నట్టు నటిస్తూ నాకు ఫోను చేసింది. నా నంబరు దానికి నోటికి వచ్చు. గృహహింస చట్టం అంతకుముందు ఏడు అక్టోబరులోనే అమల్లోకి వచ్చింది. దాని కింద కేసు వేశాం. ఆ వివరాలు ఇంకోసారి రాస్తాను. వచ్చేటప్పుడు ఆ విరిగిన ఫోను కూడా చేతిసంచిలో తెచ్చింది. సాక్ష్యం అవుతుందని ఎవరో చెప్పారట. కోర్టు దాన్ని అడగలేదు. నా బీరువాలో ఉండిపోయింది.

మంచి ఉద్దేశంతో ఇచ్చాను కదా అని అందరూ నన్ను ఓదార్చారు. ఉద్దేశం గురించి కాదు నా బాధ. ఆ ఫోను నలుగురికి సరిపోతుందా లేదా అని పట్టుదలగా పరీక్షించిన నేను, ఐదో మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నీ ఇల్లు ఎలా ఉంటుంది, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, నీ పెట్టె ఎవరు తెరుస్తారు అని అడగలేదు. గులాబీ రంగు పూసిన కంపెనీవాళ్లలాగే నేను కూడా, స్త్రీ అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసనుకున్నాను.

ఇలా అడగకుండా తయారైన వస్తువుల చరిత్ర పెద్దదే. 2006 చివర్లో మోటరోలా వాళ్లే మోటోఫోన్ ఎఫ్3 అని పేదవాళ్ల కోసం ఒకటి తెచ్చారు. ముందు మన దేశంలోనే విడుదల చేశారు. రేజర్ కన్నా సన్నం, తొమ్మిది మిల్లీమీటర్లే. ఎండలో కూడా కనిపించే తెర, చదువురాని వాళ్లకి నోటితో చెప్పే మెనూ. ఎంత చక్కటి ఆలోచన! కానీ తెర మీద ఒక్కసారికి రెండు వరసల్లో పన్నెండు అక్షరాలే పడతాయి. ఒక చిన్న ఎస్సెమ్మెస్ చదవాలన్నా జరుపుతూనే ఉండాలి. పేదవాళ్లు మాట్లాడతారు గానీ చదవరని ముందే తీర్మానించారు. ఆ ఇంట్లో ఏడో తరగతి చదివే ఆడపిల్ల ఉంటుందని, తల్లికి వచ్చిన సందేశాలన్నీ ఆ పిల్లే చదివిపెడుతుందని ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఫోన్లు పెద్దవైపోయాయి. 2011లో సామ్‌సంగ్ నోట్ 5.3 అంగుళాల తెరతో వస్తే అందరూ నవ్వారు. కొన్నేళ్లకి అదే చిన్న ఫోను కింద లెక్క అయింది. టర్కీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త జైనెప్ తుఫెక్చి 2013లో ఒక వ్యాసం రాసింది. ఆ ఏడు ఇస్తాంబుల్ ఆందోళనల్లో బాష్పవాయువు మధ్య నిలబడి, మగవాళ్లలా ఒంటిచేత్తో ఫోను ఎత్తి ఫోటో తియ్యలేకపోయానని, తన చెయ్యి ఆ ఫోనుకి చాలదని. లోపం తన చేతిలో కాదు, ఆ ఫోనుకి కొలత తీసుకున్న చేతిలో ఉంది. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు గుంపులు గుంపులుగా వెనక్కి ఇచ్చేశారు. వాటిలో జాగా చాలదు, వేడెక్కిపోతాయి, నమోదు చెయ్యాల్సిన యాప్‌లో ఇంగ్లిష్. ఈ ఫోను మా పనికి సరిపోదని ఇంతమంది స్త్రీలు కలిసి చెప్పిన సందర్భం నాకు తెలిసినంతలో అదే. నా దృష్టిలో ఆ ఏడు వచ్చిన ఫోను సమీక్షలన్నిటిలోకీ గొప్ప సమీక్ష అది.

ఇంకో వైపు నుంచి అసలు ఏ ఫోనూ ఆడపిల్లకి సరిపోదన్నవాళ్లు కూడా ఉన్నారు. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ ప్రాంతపు పంచాయతీ, 2012లో బాగ్‌పత్ జిల్లాలో ఇంకొకటి, 2016లో గుజరాత్ మెహ్‌సానా జిల్లాలో ఒక గ్రామం, ఆడపిల్లలు సెల్‌ఫోను వాడకూడదని తీర్మానించాయి. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జ్ దుకాణాల్లోంచి అమ్మాయిల నంబర్లు అమ్ముకుంటున్నారని పత్రికల్లో వచ్చింది. దుకాణం వాడిని ఆపాలని కాకుండా, అమ్మాయి చేతిలో ఫోను తీసెయ్యాలని అనేవాళ్లే ఎక్కువ. 2019లో కేరళలో ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని, హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను వాడకూడదన్న నియమం మీద హైకోర్టుకి వెళ్లింది. హాస్టల్ నుంచి గెంటేస్తే కూడా తగ్గలేదు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని కోర్టు చెప్పింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. ఇంట్లో ఫోను ఉందా అని కాదు, "మీరు స్వయంగా వాడుకునే ఫోను మీకు ఉందా?" అని. 2015-16లో మన దేశంలో ఉందన్న స్త్రీలు నూటికి 46 మంది. 2019-21 నాటికి 54 మంది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 33 మంది, మగవాళ్లు 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్త్రీల సంఖ్య 21, తెలంగాణలో 26 చిల్లర. మన రెండు రాష్ట్రాల లెక్క ఇది! మిగతా ఆడవాళ్లకి ఏ రంగు ఫోను సరిపోతుందన్న ప్రశ్నే ఇంకా పుట్టలేదు.

ఉగాది తర్వాత మా చెల్లెలికి ఫోను చేసి, ఆ పాత ఫోను దొరికిందని చెప్పాను. అది ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తోంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రంగు పోయిందా అక్కా?" అని అడిగింది. లేదు, అలాగే ఉందన్నాను. "బాగుండేది కదూ ఆ రంగు. నాకు చాలా ఇష్టంగా ఉండేది. రాత్రిపూట తెరిచి ఊరికే చూసుకునేదాన్ని" అంది. ఇన్నేళ్లుగా నేను ఆ రంగుని తిట్టుకున్నాను. అది ఆ రంగుని ఇష్టపడిందని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి.

దాని కూతురు డిగ్రీలో చేరుతోంది. మొన్న ముగ్గురం కలిసి ఫోను కొనడానికి వెళ్లాం. దుకాణంలో కుర్రాడు "లేడీస్‌కా మేడం?" అంటూ మెరిసే రంగులవి రెండు తీసి ముందు పెట్టాడు. పిల్ల వాటిని చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుని ఒంటిచేత్తో బొటనవేలు పై మూల దాకా అందుతుందా అని చూసుకుంది. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో అడిగింది. తెలుగు కీబోర్డు తెరిచి తన పేరు కొట్టి చూసింది. తాళం వేసి ఉన్నప్పుడు తెర మీద సందేశం కనపడకుండా ఎలా పెట్టుకోవాలో అడిగితే ఆ కుర్రాడికి తెలియలేదు, తనే వెతుక్కుంది. మా చెల్లెలు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది, సిమ్ ఎవరి ఆధార్ మీద ఇస్తారని. పిల్లకి పద్దెనిమిది నిండాయి, పిల్ల పేరు మీదే ఇవ్వండి అంది.

చివరికి ఆ పిల్ల తీసుకున్నది గులాబీ రంగుదే. బిల్లు మీద పేరు సరిచూసుకుని మా చెల్లెలు డబ్బు కట్టింది.